చచ్చిందా అంటే చచ్చింది

మా పిన్ని మేకు కొడితే వంకర పోతుంది. చిత్రిక పట్టమంటే చెక్కకంటే ఆమె గోళ్ళే ఎక్కువ అరుగుతాయని బాబాయి వెక్కిరించేవాడు. అయినా పెళ్ళయిన కొత్తలో తప్ప, ఆమె పక్కన లేకుండా అతను మిషను మీద చెక్క కోసింది లేదు. ఇళ్ళు కట్టే చోట ఆమెను అందరూ ప్లగ్గు పిన్ని అనేవారు. తాపీవాళ్ళూ రంగులవాళ్ళూ సరే, ఇల్లు కట్టించుకునే ఆసామి కూడా అలాగే పిలిచేవాడు. అసలు పేరేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

ఆ పేరు వెనక ఒక చిరిగిన చొక్కా ఉంది. బాబాయి ఒకరోజు రంపం మిషనుకు బ్లేడు మారుస్తున్నాడు. అవతల నేల అరగదీసే మనిషి తన మిషను అనుకుని ఇతని స్విచ్చి వేశాడు. పళ్ళచక్రం చొక్కా చేతిని పట్టుకుని మోచేతి దాకా చీల్చి వదిలింది. చర్మం గీరుకుపోయిందంతే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వేలాడే గుడ్డముక్కను పిన్నికి చూపించి, "రేపట్నించి నువ్వూ రావే. ప్లగ్గు నీ చేతిలో ఉంటే నాకు దిగుల్లేదు" అన్నాడు.

అప్పటినుంచి ఆమె ఉద్యోగం అదే. గోడ దగ్గర ఖాళీ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చునేది. బాబాయి కోత ముగించి, బ్లేడు దగ్గర చెయ్యి పెట్టవలసి వచ్చినప్పుడల్లా తల తిప్పకుండా అడిగేవాడు.

"చచ్చిందా?"

పిన్ని ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని, "చచ్చింది" అనేది. అప్పుడు అతని చెయ్యి బ్లేడు దగ్గరికి వెళ్ళేది. పని అయ్యాక "బతికించు" అనేవాడు. ఆమె ప్లగ్గు పెట్టేది.

కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు ఈ చావు బతుకుల మాటలు విని బెదిరిపోయేవారు. పాతవాళ్ళకు అదొక వేడుక.

"ఏం పిన్నీ, ఇవాళ ఎన్నిసార్లు చంపావు?" అని తాపీ మేస్త్రి పరంజా మీదనుంచి కేకేసేవాడు.

"నీ వంతు ఇంకా రాలేదులే. ముందు ఆ గోడ సంగతి చూడు, నిన్న తాగొచ్చి కట్టినట్టుంది."

"గోడ తిన్నగానే ఉందమ్మా. నీ చూపే వంకర."

"నా చూపు వంకరైతే మీ వడ్రంగికి ఈపాటికి చేతులుండేవా?"

ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా అయ్యేది. మా అమ్మతో ఒకసారి అంది: "బావ జీతం తెచ్చి నీ చేతిలో పెడతాడక్కా. మా ఆయన ఏకంగా తన చేతులే తెచ్చి నా చేతిలో పెట్టాడు." అమ్మ నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు. ఆమెకు అది లెక్కతప్పని నిజం.

తర్వాత బ్యాటరీ రంపం వచ్చింది.

ఊరి చివర ఒక మేడ పని ఒప్పుకున్నారు. అక్కడికి ఇంకా కరెంటు లైను రాలేదు. తీగలేని మిషను కొనుక్కుంటే తప్ప పని సాగదని కాంట్రాక్టరు అన్నాడు. ఇద్దరూ కలిసే కొట్టుకు వెళ్ళారు. బాబాయి ఆ మిషనును రెండు చేతుల్లోకి తీసుకుని, బరువు చూసి, ఇటూ అటూ తిప్పి, పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు. తోకలేదు, తొక్కిపడే తీగలేదు, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు.

కొట్టతను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, బ్యాటరీ ఎలా తీయాలో చూపించాడు. ఈ బొత్తాం నొక్కాలి, ఇలా వెనక్కి లాగాలి. "బ్లేడును ముట్టుకోవాలన్నా, ఇరుక్కున్న చెక్క తీయాలన్నా ముందు ఇది ఊడదియ్యండి. ప్రతిసారీ."

"సైకిలు దిగినప్పుడల్లా చక్రం ఊడదీసి జేబులో పెట్టుకుంటామా ఏంటి?" అన్నాడు బాబాయి.

కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. తర్వాత ఆమె ఎక్కువగా తలుచుకున్నది ఆ నవ్వునే.

ఆ మేడ పనిలో పిన్నికి పీకడానికి ప్లగ్గు లేదు. అయినా డబ్బా బోర్లించుకుని కూర్చునేది. బాబాయి అడగడం మానలేదు, ఆమె చెప్పడం మానలేదు. మాట పాతదే, దాని లోపలి సరుకే మారిపోయింది. మునుపు "చచ్చింది" అంటే ప్లగ్గు నా గుప్పిట్లో ఉందని. ఇప్పుడు "చచ్చింది" అంటే చప్పుడు ఆగిందని. అంతే. ఆ సంగతి అతనికీ వినిపించేదే కదా. ఇద్దరిలో ఎవరూ ఆ తేడా గమనించలేదు. ఒకరి మాట ఒకరికి నమ్మకంగా వినపడుతుంటే, మాట కింద నేల ఉందో లేదో ఎవరు చూస్తారు?

ఆ మధ్యాహ్నం మేడమీద గదిలో బీరువా తలుపుల కోసం దళసరి పలక కోస్తున్నారు. కిటికీలకు ఇంకా చట్రాలు లేవు. గాలికి రంపప్పొట్టు లేచి కళ్ళలో పడుతోంది. కోతకు వాడే బల్ల, కింది అంతస్తులో ఉంది. దాన్ని ఎవరు మోసుకొస్తారులే అని, రెండు స్టూళ్ళ మీద పలకను అడ్డంగా వేసి, సరిగ్గా నడుమ కోత పెట్టాడు బాబాయి. కోత సాగేకొద్దీ పలక తన బరువుకు తానే కుంగింది. కోత రెండు అంచులూ దగ్గరకు నొక్కుకుని బ్లేడును కరిచిపట్టాయి. మిషను మూలిగింది. బ్యాటరీ కూడా అయిపోవచ్చిందేమో, ఆ మూలుగు సన్నబడి ఆగిపోయింది.

"చచ్చిందా?"

పిన్ని కంట్లో పడిన నలుసు కొంగుతో తుడుచుకుంటోంది. చప్పుడు లేదు.

"చచ్చింది."

బాబాయి కుడిచేతి వేలు ఇంకా మిషను మీట నొక్కే ఉంది. ఎడమచెయ్యి పలక కిందికి పోనిచ్చి, కుంగిన చోట పైకెత్తాడు. కోత విచ్చుకుంది. బ్లేడుకు చోటు దొరికింది.

చప్పుడు చాలా కొద్దిసేపే వినిపించిందని పిన్ని తర్వాత చెప్పింది. పాత మిషనుకంటే దీని గొంతు మెత్తన.

చూపుడు వేలూ నడిమి వేలూ పోయాయి. ఉంగరపు వేలు మిగిలింది గానీ వంగదు. ఆసుపత్రికి చూడవచ్చిన చుట్టాలు మంచం చుట్టూ నిలబడి, పోనీలే ఎడమచెయ్యేగా, కుడిచెయ్యి భద్రంగా ఉంది, అదే పదివేలు అన్నారు. బాబాయి పైకప్పు చూస్తూ విన్నాడు. వాళ్ళు వెళ్ళాక తాపీ మేస్త్రితో ఒక్క మాట అన్నాడు.

"మా పనిలో కుడిచెయ్యి కొడుతుంది, ఎడమచెయ్యి పడుతుంది. పట్టేది లేకపోతే కొట్టేది దేన్ని కొడుతుందన్నా?"

ఎప్పుడూ నోరు మూసుకోని ఆ మేస్త్రి, తెచ్చిన అరటిపళ్ళు బల్లమీద పెట్టి, పిన్ని వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

పిన్ని తిట్ల కోసం ఎదురుచూసింది. బాబాయి నోటి దురుసు మనిషి. చొక్కా బొత్తాం ఊడితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఇక ఇంత జరిగాక ఎంత అరుస్తాడో అనుకుంది. తలవంచుకుని వినడానికి సిద్ధపడింది. కట్టు విప్పారు, కుట్లు తీశారు, ఇంటికి వచ్చారు. అరవలేదు. ఒకరోజు ఆమె కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. అతను మారుమాటాడకుండా తిని, కంచం తోసి లేచాడు. తాను తినబోయినప్పుడు గానీ పిన్నికి ఆ సంగతి తెలియలేదు. చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకుని, గిన్నె ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎవరైనా ఎలా జరిగిందని అడిగితే, "మన రాత అలా ఉంది" అనేవాడు బాబాయి. ఆ రాతలో పిన్ని మాట ఉందో లేదో చెప్పేవాడు కాదు.

"ఒక్కసారి తిడితే బాగుండునక్కా" అని ఆమె మా అమ్మ దగ్గర బావురుమంది. "తిట్టే మొగుడితో వేగడం నాకు తెలుసు. ఈ మనిషితో ఎలా వేగాలి?"

"ఊరుకోవే. మిషను నువ్వు చేశావా? బ్యాటరీ నువ్వు చేశావా?"

"నేను మాట చేశాను."

"మాటదేముందే…"

"ఆయనకు నా మాటేనక్కా ప్లగ్గు. చచ్చిందన్నాను. నమ్మి చెయ్యి పెట్టాడు. నువ్వు కాదని చెప్పు. ఆయన్ని అవునని చెప్పమను, పోనీ కాదని చెప్పమను. ఏదో ఒకటి. ఈ నడిమధ్యన నన్నెందుకు వేలాడదీస్తాడు?"

అమ్మ కాఫీ కలిపి ఇచ్చింది. అది చల్లారిపోయింది.

ఆ తర్వాత పిన్ని చేసిన పని ఎవరూ ఊహించలేదు. మిషనును పాత దుప్పట్లో చుట్టుకుని ఆ కొట్టుకు వెళ్ళింది. వెనక్కి ఇచ్చెయ్యడానికి వచ్చిందనుకున్నాడు కొట్టతను.

"నాకు నేర్పు బాబూ" అంది. "దీన్ని ఎలా వాడాలో అంతా చెప్పు. మొదట్నించీ."

అతను చెప్పాడు. ఒక్కొక్కటి చెబుతున్నకొద్దీ పిన్ని ముఖం పాలిపోయింది. పలకను ఎప్పుడూ నడుమ గాలిలో వదిలి కొయ్యకూడదు, కోత దగ్గరే కింద ఆనిక ఉండాలి, తెగిన ముక్క విడిగా జారిపోవాలి గానీ లోపలికి కుంగకూడదు. బ్లేడు చెక్క మందానికంటే కొంచెం మాత్రమే కిందికి దిగేలా పెట్టుకోవాలి. పలకను క్లాంపుతో బల్లకు బిగించాలి, అప్పుడు రెండు చేతులూ మిషను మీదే ఉంటాయి, ఏ చెయ్యీ కిందికి పోదు. బ్లేడు కింది మూత దానంతటది మూసుకుంటోందో లేదో ప్రతి కోతకూ ముందు చూడాలి, దాన్ని తాడుతో కట్టేసేవాళ్ళున్నారు, వాళ్ళ జోలికి పోకు. ఎదురుగా నిలబడకు, బ్లేడు వరసకు కాస్త పక్కగా నిలబడు, ఎగిరిందంటే అది నీ మీదికే వస్తుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకో.

"ఇరుక్కుంటే?"

"మీట వదిలెయ్యాలి. బ్లేడు పూర్తిగా ఆగేదాకా కదలకూడదు. బ్యాటరీ ఊడదియ్యాలి. అప్పుడు ముట్టుకోవాలి. చప్పుడు ఆగింది కదా అనుకోకూడదమ్మా. బ్యాటరీ దాని కడుపులో ఉన్నంతసేపూ అది నిద్రపోయినట్టే, చచ్చినట్టు కాదు."

పిన్ని మిషనుకున్న బ్యాటరీ మీద చెయ్యి వేసింది.

"ఇదంతా మొదటే చెప్పొచ్చుగా బాబూ?"

అతను కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "కొంత చెప్పానమ్మా. చక్రం సంగతి చెప్పి మీ ఆయన నవ్వించారు. మిగతాది నేనూ చెప్పలేదు."

వంతులవారీగా చేసిన తప్పులన్నీ ఆమె ముందు వరసగా నిలబడ్డాయి. బల్ల పైకి తేకపోవడం, స్టూళ్ళు, నడుమ కోత, మీట మీద వేలు. ఇన్నింటిలో తన మాట ఒకటి. మరొకరికైతే దాంతో బరువు తగ్గేదేమో. ఆమెకు తగ్గలేదు. మిగతావన్నీ జరిగినా, తాను "ఆగవయ్యా" అని ఉంటే ఆ చెయ్యి ఆగేది కదా అనే ఒక్క ముల్లు గట్టిగా దిగింది.

కొట్టతను పనికిరాని చెక్కముక్కలు ఇచ్చాడు. కొట్టు వెనక రేకుల కింద ఆమె కొయ్యడం నేర్చుకుంది.  పలక కదలకుండా బిగిసిందని చూసుకునేదాకా మీట నొక్కేది కాదు.

బజారు సందులో ఒక దర్జీ ఆవిడకు గుడ్డలు పెట్టుకునే అరలు చేసిస్తానని బాబాయి ఎప్పుడో ఒప్పుకున్నాడు. ఆమె కబురు చేసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు గీత గియ్యి, నేను కోస్తా" అంది పిన్ని.

"మేకు కొట్టడం రాదు. మిషను పడతావా?"

"మేకు నా మాట వినదు. మిషను వింటుందట."

అతని పెదవి చివర ఏదో కదిలింది. నవ్వేమోనని పిన్ని ఆశపడింది. చొక్కా తొడుక్కుని, బొత్తాలతో కుస్తీపట్టి, వచ్చాడు.

దర్జీ కొట్టులో కుట్టుమిషన్ల నడుమ చోటు చేశారు. బాబాయి కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని, ఎడమ అరచేత్తో స్కేలును అదిమి, గీతలు గీశాడు. మిగిలిన వేళ్ళ కింద స్కేలు జారుతోంది. రెండుసార్లు చెరిపి గీశాడు. పిన్ని చూడనట్టు అటు తిరిగి క్లాంపు బిగించింది. పలక కింద బల్ల, బల్లకూ పలకకూ మధ్య అడుగు చెక్క, కళ్ళకు అద్దాలు. పక్కకు జరిగి నిలబడింది. మిషను పూర్తి వేగం అందుకున్నాక చెక్కకు తాకించింది. తోయలేదు, దాని దారిన దాన్ని పోనిచ్చింది. ముక్క తెగి పక్కకు జారింది. మీట వదిలి, బ్లేడు పళ్ళు ఒక్కొక్కటిగా కనబడేదాకా నిలబడి, బ్యాటరీ ఊడదీసి సంచిలో వేసింది.

"అబ్బ, వెన్న కోసినట్టు కోశావమ్మా!" అంది దర్జీ ఆవిడ. "అన్నా, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టేట్టుంది మీ ఆవిడ."

"పెట్టింది కదా" అన్నాడు బాబాయి.

అన్నాక ఆ మాట తనకే ఎలా వినపడిందో ఏమో, తలవంచుకున్నాడు. దర్జీ ఆవిడ నాలిక కరుచుకుని, ఏదో గుడ్డ వెతికే నెపంతో లోపలికి వెళ్ళింది.

పిన్ని మిషను కింద పెట్టింది.

"అదీ. అదే అను. ఇంకోసారి అను. నా వల్లేనని అను."

"ఏంటే, మాట జారిందంతే."

"జారాలి. ఇన్నాళ్ళూ జారదేమా అనే చూస్తున్నా. ఆ రోజు నేను చచ్చిందనకపోతే నువ్వు చెయ్యి పెట్టేవాడివి కాదు. అవునా కాదా?"

బాబాయి నేల మీద రంపప్పొట్టును కాలితో ఒక పక్కకు నెట్టాడు.

"నువ్వు అనేసరికే నా చెయ్యి కింద ఉంది" అన్నాడు.

"అబద్ధం."

"నిజమే. అడిగాను గానీ ఆగలేదు. ఎప్పుడాగాను కనక? ప్లగ్గు ఉన్న రోజుల్లోనూ అంతే. అడిగేది అడిగేవాణ్ణి, చప్పుడు ఆగగానే చెయ్యి పెట్టేసేవాణ్ణి. నువ్వు చెప్పేది వెనకాల వచ్చేది. అలవాటు కొద్దీ అడిగేవాణ్ణే, పాటలాగా."

"మరి నన్నెందుకు రమ్మన్నావు? ఇన్నేళ్ళూ ఆ డబ్బా మీద ఎందుకు కూర్చోబెట్టావు?"

"తోడుంటావని."

అతను మెత్తగానే అన్నాడు. ఆమె మీదనుంచి బరువు దించుతున్నాననే అనుకున్నాడు. పిన్ని కళ్ళద్దాలు తీసింది. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ కళ్ళముందు నిలబెట్టుకోవాలని చూసింది. అడగడం, చెప్పడం, చెయ్యి. అడగడం, చెయ్యి, చెప్పడం. ఏది ముందు? కంట్లో నలుసు, ముఖాన కొంగు. ఆమె చూడనే లేదు. ఈ మనిషి తన మీద జాలితో అబద్ధం చెబుతున్నాడో, నిజం చెప్పి తన బతుకంతా ఉత్త పాట చేసేస్తున్నాడో తేల్చుకోవడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. అడిగితే మళ్ళీ అదే చెబుతాడు. అదే మెత్తదనంతో.

"సరే" అంది.

తర్వాత మా అమ్మతో అంది: "తప్పు నాదనుంటే మోసేదాన్నక్కా. మోయడం నాకు వచ్చు. ఇప్పుడు మోయడానికి కూడా ఏం లేకుండా చేశాడు."

ఆ మధ్యాహ్నం మిగిలిన పలకలు కూడా కోశారు. ఒప్పుకున్న పని కదా. అతను గీశాడు, ఆమె కోసింది.  మిషను ఆగిన ప్రతిసారీ ఆ గదిలో కుట్టుమిషను టకటకలే వినిపించాయి. అరలు ఒక్కొక్కటీ చట్రంలో కూర్చున్నాయి. అన్నిటికన్నా కిందిది పెట్టబోతే పొట్టిగా పడింది. అటు ఆనిస్తే ఇటు సందు, ఇటు ఆనిస్తే అటు సందు.

దర్జీ ఆవిడ వంగి చూసి, "పోనీలెండి, ఆ సందులో నా కొలబద్దలు పెట్టుకుంటా" అంది.

బాబాయి గీసిన గీత చెక్క అంచున ఇంకా సన్నగా ఉంది. కోత దానికి అటు పడిందో ఇటు పడిందో వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అతను వంగలేదు. ఆమె కూడా వంగలేదు. సామాన్లు సర్దుకుని, సంచి చెరో చేత్తో పట్టుకుని బజారులోకి నడిచారు.